డెనిస్ లా మడమ మీద మోపిన నేరం

మాంచెస్టర్ డర్బీ, అంటే ఆ ఊరి రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు యునైటెడ్, సిటీల మధ్య మ్యాచ్, దగ్గర పడిందంటే ఒక పాత వీడియో ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. వెలిసిపోయిన రంగులు. గోల్‌కి వీపు పెట్టి నిలబడ్డ సిటీ ఆటగాడొకడు తన దగ్గరికొచ్చిన బంతిని మడమతో అలా వెనక్కి తాకిస్తాడు, అది వెళ్ళి వలలో పడుతుంది. సాటి ఆటగాళ్ళు సంబరంగా మీద పడుతుంటే అతను మాత్రం తల దించుకుని నడుస్తుంటాడు. దాని కింద రాత దాదాపు ఎప్పుడూ ఒకటే. తనను వదిలించుకున్న మాంచెస్టర్ యునైటెడ్‌ను సీజన్ ఆఖరి మ్యాచ్‌లో డెనిస్ లా ఒక్క మడమ దెబ్బతో కింది డివిజన్‌కి తోసేశాడట. పగ తీర్చుకున్నాడట. ఆ తర్వాత ఆ బాధతో మళ్ళీ బంతి ముట్టలేదట.

2025 జనవరి 17న, 84 ఏళ్ళ వయసులో లా చనిపోయినప్పుడు నివాళుల్లో కూడా ఇదే కథ తిరిగింది. నాకది గుచ్చుకుంది. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెబుతూ, మధ్యలో అతను చేయని నేరం ఒకటి అతని ఖాతాలో రాసేయడం ఏమిటి? నేను యునైటెడ్ అభిమానిని. మా క్లబ్బును ముంచాడని పేరు పడ్డ మనిషి తరఫునే ఇక్కడ వాదిస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ముందు మనిషి ఎవరో చెప్పాలి. 1940లో స్కాట్లాండ్ ఉత్తరాన ఆబర్డీన్ రేవు పట్నంలో, చేపలవేటకు వెళ్ళే తండ్రికి ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. చిన్నప్పుడు మెల్లకన్ను, బక్క శరీరం. పదహారేళ్ళకే, 1956 డిసెంబర్‌లో, హడర్స్‌ఫీల్డ్ టౌన్ తరఫున లీగ్‌లోకి దిగాడు. 1960లో మాంచెస్టర్ సిటీ 55,000 పౌండ్లకి కొంది. బ్రిటన్‌లో అప్పటికి అదే రికార్డు. ఏడాదికే ఇటలీలో టొరీనోకి, మరుసటి ఏడాది 1,15,000 పౌండ్లకి మాంచెస్టర్ యునైటెడ్‌కి. అక్కడ పదకొండేళ్ళలో 404 మ్యాచ్‌లు, 237 గోల్స్. 1963-64 సీజన్ ఒక్కదాంట్లోనే 46. ఆ 1964లోనే, యూరప్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ అతనికొచ్చింది. స్కాట్లాండ్ వాళ్ళలో ఇప్పటికీ ఆ బహుమతి అందుకున్నది అతనొక్కడే. యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్ అనే స్టాండ్‌లోని జనం అతన్ని ‘కింగ్’ అనేవాళ్ళు, వేరే పేరు అక్కర్లేదన్నట్టు.

1973 వేసవిలో యునైటెడ్ అతన్ని వదిలేసింది. అతను మళ్ళీ సిటీలో చేరాడు. 1974 ఏప్రిల్ 27, శనివారం, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఈ రెండు క్లబ్బులూ తలపడ్డాయి. ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా ఫ్రాన్సిస్ లీ పంపిన బంతిని లా మడమతో యునైటెడ్ గోల్‌కీపర్ అలెక్స్ స్టెప్నీని దాటించాడు. సిటీ 1, యునైటెడ్ 0. ఆ సీజన్‌లో యునైటెడ్ సెకండ్ డివిజన్‌కి దిగిపోయింది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. గోల్ పడింది, క్లబ్బు మునిగింది. గోల్ పడినందుకే మునిగిందా అన్నదే ప్రశ్న.

“ఆ గోల్ వల్లే యునైటెడ్ కింది డివిజన్‌కి పోయింది”

దీనికి లెక్క ఉంది, చాలా చిన్న లెక్క. ఇంగ్లండ్‌లో అప్పటి పై లీగ్ అయిన ఫస్ట్ డివిజన్‌లో 22 జట్లు. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. అంతకుముందు ఏటా అడుగున ఉన్న రెండు జట్లే దిగిపోయేవి. సరిగ్గా ఆ సీజన్ నుంచే మూడు జట్లను దించడం మొదలుపెట్టారు. అంటే ఉండాలంటే 19వ స్థానంలోనైనా ఉండాలి.

ఆ శనివారం ఆట మొదలయ్యేసరికి యునైటెడ్ దగ్గర 32 పాయింట్లు, చేతిలో రెండు మ్యాచ్‌లు. ఒకటి ఇది, రెండోది సోమవారం స్టోక్ సిటీతో వాళ్ళ ఊళ్ళో. రెండూ గెలిస్తే 36. అంతకు మించి ఒక్క పాయింటు కూడా రాదు. అదే సమయానికి బర్మింగ్‌హామ్ సిటీ 35 పాయింట్లతో తన ఆఖరి మ్యాచ్ ఆడుతోంది, అట్టడుగున ఉన్న నారిచ్ సిటీతో. బర్మింగ్‌హామ్ 2-1తో గెలిచి 37కి చేరింది. వెస్ట్ హామ్ కూడా 37 దగ్గరే ఆగింది. ఆ రెండూ బతికిపోయాయి.

ఇప్పుడు లా మడమను ఆ వీడియోలోంచి చెరిపేయండి. మ్యాచ్ 0-0 అనుకుందాం, యునైటెడ్‌కి 33. కాదు, యునైటెడే గెలిచింది అనుకుందాం, 34. సోమవారం స్టోక్‌లో కూడా గెలిచేసింది అనుకుందాం, 36. అయినా బర్మింగ్‌హామ్ కంటే ఒకటి తక్కువే. పైగా సోమవారం జరిగింది వేరు, స్టోక్‌లో యునైటెడ్ 1-0తో ఓడింది.

ఇంకా నమ్మకం కుదరకపోతే సౌతాంప్టన్ వైపు చూడండి. వాళ్ళు అదే శనివారం ఎవర్టన్ సొంత మైదానానికి వెళ్ళి 3-0తో గెలిచారు. మొత్తం 36 పాయింట్లు. యునైటెడ్ ఊహలోనైనా అందుకోగలిగిన పై అంకె కూడా అదే 36. ఆ 36 పెట్టుకునే సౌతాంప్టన్ 20వ స్థానంలో మునిగింది. అక్కడెవరూ మడమ వాడలేదు, పాపం వాళ్ళ గురించి వీడియోలు కూడా లేవు.

ఐపీఎల్ లీగ్ దశ ఆఖరు వారంలో ఫలానా జట్టు ఇన్ని పరుగుల తేడాతో గెలిచి, ఇంకో ఊళ్ళో ఫలానా జట్టు ఓడితే మనకి ప్లేఆఫ్ అంటూ రాత్రంతా క్యాలిక్యులేటర్ పట్టుకుని కూర్చునే జనం మనం. నెట్ రన్ రేట్‌ను మూడో దశాంశం దాకా లాగుతాం. అలాంటివాళ్ళం ఈ రెండంకెల కూడికను మాత్రం ఎందుకు చేయమో నాకు అర్థం కాదు. బహుశా కథ అంత బాగుండడం వల్లేమో. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకికి యునైటెడ్ ఎర్రచొక్కా గతం ఉంటే కథ ఇంకా రక్తి కడుతుంది.

గోలుకి గోలు లెక్క కట్టాల్సిందే అని ఎవరైనా పట్టుబడితే, వాళ్ళకి ఇంకో గోల్ లెక్క చూపిస్తాను. 1973 ఆగస్టులో సిటీ తన సీజన్‌ను మొదలుపెట్టింది బర్మింగ్‌హామ్‌తోనే. సిటీ 3-1తో గెలిచింది, లా రెండు గోల్స్ కొట్టాడు. అంటే యునైటెడ్‌ను చివరికి వెనక్కి నెట్టిన జట్టుని మొదటి రోజునే దెబ్బ తీసింది ఇతనే. ఏప్రిల్ గోల్‌కి శిక్ష వేసేవాళ్ళు ఆగస్టు గోల్స్‌కి బహుమానం కూడా ఇవ్వాలి కదా.

ఒక్కటి ఒప్పుకోవాలి. బంతి వలలో పడ్డ ఆ నిమిషంలో ఈ కూడికంతా ఎవరికీ పూర్తి కాలేదు. బర్మింగ్‌హామ్ ఆట ఇంకా ముగియలేదు. కాబట్టి తన మడమ తన పాత క్లబ్బును ముంచేసిందేమో అని లా ఆ క్షణంలో అనుకుంటే అది సహజం. స్టాండ్లలో జనం అలా అనుకోవడమూ సహజమే. యాభై ఏళ్ళు గడిచి, పాయింట్ల పట్టిక అందరి చేతుల్లో ఉన్న ఈ రోజుల్లో కూడా అలాగే అనుకోవడమే సహజం కాదు.

“అది సీజన్‌లో ఆఖరి మ్యాచ్”

సిటీకి అవును. యునైటెడ్‌కి కాదు. స్టోక్ మ్యాచ్ గురించి పైన చెప్పాను. ‘ఆఖరి మ్యాచ్, ఆఖరి నిమిషాలు, ఒక్క గోల్’ అంటే సినిమాలా ఉంటుంది కాబట్టి ఆ సోమవారాన్ని కోసేశారు.

“లా లేకపోతే యునైటెడ్ నిలబడేది”

ఇది మొదటి మాటకే ఇంకో రూపం, కానీ దీంట్లో తిరగేసి చూడాల్సిన నిజం ఒకటి దాక్కుని ఉంది. లా లేకపోవడమే యునైటెడ్ జబ్బుల్లో ఒకటి.

ఆ సీజన్ అంకెలు చూడండి. 42 మ్యాచ్‌లలో 10 గెలుపులు, 12 డ్రాలు, 20 ఓటములు. కొట్టినవి 38 గోల్స్, అంటే మ్యాచ్‌కి ఒకటి కూడా లేదు. తిన్నవి 48. తిన్న గోల్స్ మరీ ఘోరమేం కాదు, కొట్టడమే చేతకాలేదు. ఎంతగా అంటే, క్రిస్మస్ నాటికి జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళలో గోల్‌కీపర్ స్టెప్నీ ఒకడు, రెండు పెనాల్టీలతో! సీజన్ ముగిసేసరికి లీగ్‌లో పెద్ద స్కోరర్ సామీ మెకిల్‌రాయ్, 6 గోల్స్. అదే సీజన్‌లో, అరిగిపోయిన మోకాలితో, 34వ ఏట, సిటీ తరఫున లా లీగ్‌లో కొట్టినవి 9. పనికిరాడని ఉచితంగా పంపేసినవాడు తమ దగ్గరున్న అందరికంటే ఎక్కువ కొట్టాడు.

ఆరేళ్ళ కిందట, 1968లో, యూరోపియన్ కప్ గెలిచిన క్లబ్బు ఇది. ఇంత కిందికి ఒక్క మధ్యాహ్నంలో రాలేదు. మ్యాట్ బస్బీ 1969లో మేనేజర్ పదవి వదిలాక విల్ఫ్ మెక్‌గిన్నెస్, ఫ్రాంక్ ఓఫారెల్ వచ్చి వెళ్ళారు. 1972 డిసెంబర్‌లో టామీ డాకర్టీ వచ్చాడు. కప్పు గెలిచిన జట్టు ముసలిదైపోతుంటే సమయానికి కొత్త నెత్తురు ఎక్కించలేదు. 1973లో బాబీ చార్ల్‌టన్ రిటైర్ అయ్యాడు, లాను పంపేశారు. జార్జ్ బెస్ట్ యునైటెడ్ తరఫున ఆఖరి మ్యాచ్ 1974 జనవరి 1న ఆడాడు, ఇంకా 27 ఏళ్ళే. పదేళ్ళపాటు గోల్స్ కొట్టిన ముగ్గురూ ఏడాది తిరక్కుండానే లేకుండా పోతే ఏ జట్టయినా ఏం చేస్తుంది? ఇరవై ఓటముల్లో ఒక్కదానికి ఒక్క మనిషి పేరు పెట్టి, మిగతా పంతొమ్మిదింటిని మరిచిపోవడం యునైటెడ్ పెద్దలకే లాభం. ఆ కథలో తప్పు వాళ్ళది కాకుండా పోతుంది.

“పగ తీర్చుకున్నాడు”

పగకి కారణం లేదని నేను అనను. లా తర్వాత చెప్పుకున్న ప్రకారం, తనను ఫ్రీ ట్రాన్స్‌ఫర్ మీద, అంటే డబ్బు తీసుకోకుండా, వదిలేశారన్న కబురు అతనికి తెలిసింది సొంత ఊరు ఆబర్డీన్‌లో టీవీ చూస్తుంటే. పదకొండేళ్ళు చేసినవాడికి కబురు అందించే పద్ధతి అదా? మన ఇళ్ళలో పనికి కుదిరిన మనిషిని మాన్పించేటప్పుడైనా ఎదురుగా పిలిచి చెబుతాం. మనసు విరిగే ఉంటుంది.

కానీ విరిగిన మనసు వేరు, పగ వేరు. పగ తీరినవాడి మొహం ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఆ వీడియోలో అలాంటి మొహం కనపడదు. గోల్ పడగానే సిటీ ఆటగాళ్ళు వచ్చి భుజాలు తడుతుంటే అతను స్పందించడు, మధ్య గీత వైపు నడిచిపోతాడు. కాసేపట్లోనే అతన్ని బయటికి పిలిచి వేరే ఆటగాణ్ణి దింపారు. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంటర్వ్యూలో, ఆ బాధ ఎన్నాళ్ళు ఉందని అడిగితే, ఆ మ్యాచ్ జరిగి ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకోండి, జవాబు అదే అన్న అర్థంలో చెప్పాడు.

అలాగని రెండో కొసకీ పోనక్కర్లేదు. పాత క్లబ్బు మీద ప్రేమతో గోల్ కొట్టకూడదనుకున్నాడని, పొరపాటున బంతి మడమకి తగిలిందని రాసేవాళ్ళూ ఉన్నారు. నాకు అదీ నమ్మబుద్ధి కాదు. ఎనభై నిమిషాలు గెలవడానికే ఆడినవాడు అతను. గోల్ ముందు బంతి దొరికితే లా ఒళ్ళు ఏం చేస్తుందో అదే చేసింది. పద్ధెనిమిదేళ్ళ అలవాటు. మనసు ఏమనుకుందో తర్వాత తెలిసింది.

“మ్యాచ్ మధ్యలో రద్దయింది కాబట్టి అసలా గోల్ లెక్కలోకే రాదు”

ఇది లా మీద అభిమానంతో కొందరు చెప్పే మాట. మంచి ఉద్దేశమే, కానీ తప్పు. గోల్ పడ్డాక ప్రేక్షకులు మైదానంలోకి దూకారు. మ్యాట్ బస్బీ అంతటివాడు మైకులో వెళ్ళిపొమ్మని బతిమాలాడు. చివరికి రిఫరీ ఆట ఆపేశాడు. అయితే పోటీలు నడిపే ఫుట్‌బాల్ లీగ్ సంస్థ 1-0 ఫలితాన్ని అలాగే ఉంచింది. గోల్ లా ఖాతాలోనే ఉంది.

నాకు తమాషాగా అనిపించేది మాత్రం ఇక్కడే ఉంది. పదమూడేళ్ళ ముందు ఇదే సిటీ తరఫున లా సగంలో ఆగిన ఇంకో మ్యాచ్ ఆడాడు. 1961 జనవరి 28, ఎఫ్‌ఏ కప్ నాలుగో రౌండ్, లూటన్ టౌన్ సొంత మైదానం. ముసురు పట్టింది. లూటన్ 2-0తో ముందుంది. అప్పుడు లా మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... మొత్తం ఆరు. సిటీ 6-2. ఆరుకి ఆరూ అతనివే. 69వ నిమిషంలో, నేల బురదగుంటగా మారిందని రిఫరీ ఆట రద్దు చేశాడు. ఆ ఆరు గోల్సూ గాల్లో కలిసిపోయాయి, ఏ రికార్డులోనూ లేవు. నాలుగు రోజులకి మళ్ళీ ఆడారు. లూటన్ 3-1తో గెలిచింది. సిటీ కొట్టిన ఆ ఒక్కటీ లాదే. ఒకే కప్పు పోటీలో, ఒకే జట్టు మీద ఏడు గోల్స్ కొట్టి ఓడిపోయి ఇంటికెళ్ళాడు.

అంటే అతను కావాలనుకున్న ఆరింటినీ ఆగిపోయిన ఆట తుడిచేసింది. ఆగిపోయిన ఇంకో ఆటలో, పడకపోయినా బాగుండేదని అతను అనుకున్న ఒక్కటి మాత్రం నిలిచిపోయింది. ఈ మనిషి గురించి వైరల్ చేయాల్సిన కథ ఇది. దీనికి అబద్ధం కలపాల్సిన అవసరం కూడా లేదు.

“ఆ బాధతో మళ్ళీ బంతి ముట్టలేదు”

లీగ్ ఫుట్‌బాల్‌లో అదే అతని ఆఖరి మ్యాచ్, అంతవరకు నిజం. కానీ ఏడు వారాలు తిరక్కుండానే, 1974 జూన్ 14న, పశ్చిమ జర్మనీలోని డార్ట్‌మండ్‌లో స్కాట్లాండ్ చొక్కాతో దిగాడు. ప్రపంచకప్, ప్రత్యర్థి జైర్ (ఇప్పటి డెమొక్రాటిక్ కాంగో). స్కాట్లాండ్ 2-0తో గెలిచింది. అతని జీవితంలో ప్రపంచకప్‌లో ఆడిన మ్యాచ్ అదొక్కటే, దేశం తరఫున ఆఖరిదీ అదే. మొత్తం 55 మ్యాచ్‌లలో 30 గోల్స్. తర్వాత కెన్నీ డాల్‌గ్లీష్ ఆ 30ని అందుకున్నాడు కానీ మొత్తం 102 మ్యాచ్‌లు ఆడినా దాటలేదు. మడమ గోల్ కథతో అతని కెరీర్‌కి తెర దించేసేవాళ్ళు ఈ ప్రపంచకప్‌ను మింగేస్తారు. స్కాట్లాండ్ వాళ్ళ ముందు ఆ మాట అని చూడండి.

ఆగస్టులో రిటైర్ అయ్యాడు. వయసు 34, మోకాలు ఏనాడో పోయింది. 1968లో యునైటెడ్ యూరోపియన్ కప్ ఫైనల్ ఆడుతుంటే మోకాలి దెబ్బతో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. కొత్త సీజన్‌లో సిటీ మొదటి జట్టులో చోటు దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. దీంట్లో విరక్తి కంటే వయసే ఎక్కువ.

“యునైటెడ్ అభిమానులు అతన్ని క్షమించలేదు”

క్షమించడానికి ఏముందని? మరుసటి సీజన్‌లోనే, 1974-75లో, యునైటెడ్ సెకండ్ డివిజన్ గెలిచి పైకి వచ్చేసింది. 2002లో స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్‌లోనే లాకి విగ్రహం పెట్టారు. 2008లో ఓల్డ్ ట్రాఫర్డ్ ముందు బెస్ట్, చార్ల్‌టన్‌ల పక్కన అతన్నీ నిలబెట్టారు. ఏ గడ్డ మీద ఆ గోల్ పడిందో అక్కడికి పెద్దగా దూరం లేదు.

అతనికో అలవాటు ఉండేది. గోల్ కొట్టగానే చొక్కా చేతి అంచుని గుప్పిట్లో పట్టుకుని చెయ్యి పైకెత్తేవాడు. అరవైల్లో మాంచెస్టర్‌లో పిల్లలందరూ వీధుల్లో అది అనుకరించేవాళ్ళు. ఈసారి ఆ వీడియో మీ ఫోన్‌కి వస్తే, కింద రాతను వదిలేసి ఆ చేతిని చూడండి. లేవదు.